కారు ఏసీ నీళ్ళు లోపలే కారుతున్నాయా? డ్రెయిన్ పైపు ఇలా శుభ్రం చేసుకోండి

మలుపు తిరిగినప్పుడల్లా డ్యాష్‌బోర్డు వెనకాల బిందెలో నీళ్ళు తొణికినట్టు చప్పుడు వస్తుంటుంది. రెండు రోజులు పట్టించుకోం. మూడో రోజు పక్క సీట్లో కూర్చున్న మనిషి చెప్పులు విప్పి కాళ్ళు కింద పెట్టగానే "ఇదేంటి, ఇక్కడంతా తడి!" అంటారు. మ్యాట్ ఎత్తి కార్పెట్‌ని వేళ్ళతో నొక్కితే నీళ్ళు ఊరి పైకొస్తాయి. ఇక టెన్షన్ మొదలు. ఏసీ పాడైందా, డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాల్సిందేనా అని.

చాలాసార్లు ఏసీకి ఏమీ కాదు. నిజానికి అది బాగా పనిచేస్తోంది కాబట్టే అన్ని నీళ్ళు వస్తున్నాయి. అవి బయటికి పోయే చిన్న రబ్బరు పైపు పూడుకుపోయింది, అంతే. దాన్ని తెరవడం పావుగంట పని. అసలు ఓపిక కావాల్సింది దానికి ముందూ, దాని తర్వాతా. ముందు ఆ నీళ్ళు ఏసీవేనా అని తేల్చుకోవాలి. తర్వాత కార్పెట్‌ని అడుగుదాకా ఆరబెట్టాలి. నేను మొదటిసారి ఈ రెండో పనిని తేలిగ్గా తీసుకున్నాను. దాని ఫలితం ఏమిటో ఆ చోటికి వచ్చాక చెప్తాను.

ఇన్ని నీళ్ళు ఎక్కడివి?

డ్యాష్‌బోర్డు వెనక ఒక ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది. అందులో ఎవాపరేటర్ ఉంటుంది. మెకానిక్కులు దాన్నే కూలింగ్ కాయిల్ అంటారు. సన్నటి అల్యూమినియం రేకులతో, చూడటానికి చిన్న రేడియేటర్‌లా ఉంటుంది. ఏసీ నడుస్తున్నంతసేపూ ఇది 0 డిగ్రీలకు కాస్త పైన, అంటే మంచు కట్టడానికి దగ్గరగా చల్లబడి ఉంటుంది. బ్లోయర్ తోసిన గాలి దీని మీదుగా పోతుంటే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమ్మ పట్టినట్టే, గాలిలోని తేమ ఆ రేకులకి పట్టి బొట్లుబొట్లుగా కిందికి జారుతుంది. బాగా ఉక్కగా ఉన్న రోజున గంటసేపు నడిపితే లీటరు దాకా రావచ్చు.

పెట్టె అడుగున ఒక రంధ్రం, దానికి ఒక పొట్టి రబ్బరు పైపు. ఆ పైపు ఇంజను గదికీ మనం కూర్చునే చోటికీ మధ్యనున్న రేకు గోడలోంచో, నేల రేకులోంచో బయటికి వచ్చి కారు కింద నీళ్ళు వదులుతుంది. ఏసీ వేసిన కారు ఆగినచోట కింద చిన్న మడుగు కట్టేది ఈ నీళ్ళే. పైపు మూసుకుపోతే పెట్టె నిండుతుంది. నిండాక అతుకుల సందుల్లోంచి లోపలికి పొర్లి కార్పెట్ మీద పడుతుంది. మలుపులో తొణికే చప్పుడు ఆ నిండిన పెట్టెదే.

పూడిక ఎలా పడుతుందంటే, గాలితోపాటు వచ్చిన దుమ్ము తడి రేకులకి అంటుకుని నీళ్ళతో కిందికి దిగుతుంది. దానికి పాచి తోడై జిగటగా తయారవుతుంది. ఆకుల తునకలూ, పెట్టె లోపలి పాత ఫోమ్ చిట్లిన పొడీ అందులో కలుస్తాయి. కింది నుంచి వచ్చే అడ్డంకులు వేరు. బురద చిమ్మి గట్టిపడుతుంది, సాలీడు గూడు కడుతుంది, కందిరీగ మట్టి తెచ్చి మూతిని పూడ్చేస్తుంది. తుప్పు పట్టకుండా కారు అడుగున నల్లటి కోటింగ్ కొట్టించినప్పుడు పైపు మూతి మీద కూడా పూసేసిన సందర్భాలున్నాయి. కోటింగ్ తర్వాత కొద్దిరోజులకే తడి మొదలైతే ముందు అనుమానించాల్సింది దాన్నే.

ముందు ఏ నీళ్ళో తేల్చండి

తెల్లటి గుడ్డో, టిష్యూ కాగితమో తీసుకుని తడిసిన చోట అద్దండి. రంగు లేకుండా, జిడ్డు లేకుండా మామూలు నీళ్ళలా ఉంటే ఏసీవో వాన నీళ్ళో అయి ఉంటాయి. వేళ్ళ మధ్య రాస్తే జారుడుగా ఉండి, ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో నారింజ రంగులోనో కనిపించి, తియ్యటి వాసన వస్తే అది కూలెంట్, అంటే ఇంజన్ని చల్లబరిచే ద్రవం. డ్యాష్‌బోర్డు వెనకే ఉండి, కారు లోపలికి వేడిగాలి ఇచ్చే హీటర్ కోర్ కారుతోందన్నమాట. ముందు అద్దం లోపలి వైపు జిడ్డు పొగలా పట్టడం, బానెట్ కింద కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గుతుండటం దీనికి తోడు గుర్తులు. ఇది డ్రెయిన్ పైపుతో తీరే పని కాదు. ఇంజను వేడెక్కి పెద్ద నష్టం జరగకముందే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి. నోట్లో పెట్టి రుచి చూడొద్దు, కూలెంట్ విషం.

ఏసీ నీళ్ళకీ వాన నీళ్ళకీ తేడా తెలియాలంటే, తడిని వీలైనంత తుడిచి రెండు రోజులు గమనించండి. వాన లేకుండా ఏసీ వేసి తిరిగిన రోజున తడి వస్తే ఏసీదే. ఏసీ వేయకపోయినా, వాన కురిశాకో కారు కడిగాకో వస్తే నీళ్ళు బయటివి. వైపర్ల కింద ఆకులు పేరుకుని నీళ్ళు పోయే దారి మూసుకుపోవడం, సన్‌రూఫ్ మూలల్లోని గొట్టాలు పూడుకుపోవడం, తలుపు లోపలి ప్లాస్టిక్ పొర ఊడటం, అద్దం చుట్టూ సీలు వదులవడం, ఇవీ మామూలు కారణాలు. గ్లవ్ బాక్స్ వెనకున్న ఏసీ ఫిల్టర్ తీసి చూస్తే ఇంకో ఆధారం దొరుకుతుంది. ఫిల్టర్ తడిసి, దాని మీద నీటి చారలు కనిపిస్తే వైపర్ల కిందినుంచి వాన నీళ్ళు దిగుతున్నాయేమో ముందు అది చూడండి.

ఆఖరుగా ఒక చిన్న పరీక్ష. సమతలంగా ఉన్న పొడి నేల మీద కారు ఆపి, ఇంజను ఆన్‌లోనే ఉంచి, ఏసీని పూర్తి చల్లదనంలో, బయటి గాలి తీసుకునే మోడ్‌లో పెట్టండి. బయటి గాలిలో తేమ ఎక్కువ కాబట్టి నీళ్ళు త్వరగా వస్తాయి. తలుపులు మూసిన షెడ్డులో ఇది చేయకండి, పొగ ప్రాణం తీస్తుంది. పావుగంట దాటినా ఉక్కపోత రోజున కారు కింద ఒక్క బొట్టు పడలేదంటే దొంగ దొరికినట్టే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

టార్చి లైటు, రబ్బరు తొడుగులు, కళ్ళద్దాలు, పాత తువ్వాళ్ళు, ఒక వెడల్పాటి పళ్ళెం. గుచ్చడానికి పొడవాటి ప్లాస్టిక్ కేబుల్ టై, లేదా గడ్డి కోసే మిషన్‌లో వాడే నైలాన్ తీగ. తడి కూడా పీల్చే వ్యాక్యూమ్ క్లీనర్ ఉంటే సగం పని అదే చేస్తుంది. అది లేకపోతే సూది లేని పెద్ద సిరంజి, దాని మూతికి తగిలే చిన్న గొట్టం ముక్క చాలు. స్క్రూడ్రైవరూ, సైకిల్ చువ్వా, ఇనుప తీగా ఇంట్లోనే వదిలేయండి. కాయిల్ అల్యూమినియం పల్చన. దానికి ఒక్క గుచ్చు తగిలితే గ్యాస్ అంతా పోతుంది. అప్పుడు నిజంగానే డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి.

కారు కిందికి వెళ్ళే ముందు

ఇంజను ఆపి కనీసం గంట చల్లారనివ్వండి. డ్రెయిన్ పైపు మూతి చాలా కార్లలో సైలెన్సర్ గొట్టానికి దగ్గరలోనే ఉంటుంది, చెయ్యి కాలుతుంది. హ్యాండ్ బ్రేకు వేయండి, వెనక చక్రాలకి రెండు వైపులా దుంగలో రాళ్ళో అడ్డుపెట్టండి. ఎత్తు ఎక్కువున్న కారైతే ఎత్తకుండానే చెయ్యి అందుతుంది. లేకపోతే చక్రాలు ఎక్కించే ర్యాంపులు గానీ, జాకీతో లేపి కింద పెట్టే గట్టి స్టాండులు గానీ వాడాలి. స్టెప్నీ మార్చే జాకీ ఒక్కదాన్ని నమ్ముకుని కింద దూరొద్దు. "రెండు నిమిషాలే కదా" అనిపిస్తుంది. జాకీ జారడానికి రెండు నిమిషాలు అక్కర్లేదు. ఈ ఏర్పాట్లు కుదరకపోతే సర్వీసు గుంట ఉన్న చోటికి వెళ్ళి అక్కడ చేసుకోవడం మేలు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లయితే కింద నారింజ రంగు తీగలు కనిపిస్తాయి. వాటి జోలికి పోకూడదు.

పైపు ఎక్కడుందో పట్టుకోండి

ఎక్కువ కార్లలో డ్రైవరు పక్క సీటు వైపు, ఆ సీట్లో కూర్చున్నవాళ్ళ పాదాలు ఆనేచోటికి సూటిగా కింద, కాస్త కారు మధ్యకి ఉంటుంది. కొన్నింట్లో గేర్ బాక్స్ మీదుగా సరిగ్గా మధ్యలోకి వస్తుంది. చిటికెన వేలంత నుంచి బొటనవేలంత లావు, నల్ల రబ్బరు, చివర మోచేయిలా కిందికి వంగి ఉంటుంది. కొన్నిటికి మూతి బాతు ముక్కులా నొక్కుకుని ఉంటుంది. అది పాడై అలా అయింది కాదు, నీళ్ళు బయటికి పోవాలి గానీ పురుగులు లోపలికి రాకూడదని చేసిన ఏర్పాటు. కారు అడుగున ప్లాస్టిక్ పలకలు బిగించి ఉంటే ఒకటి విప్పాల్సి రావచ్చు. బానెట్ ఎత్తి పైనుంచి టార్చి వేసినా కొన్నిసార్లు గోడ అడుగున ఈ వంపు కనిపిస్తుంది. కారుతో వచ్చిన పుస్తకంలో సాధారణంగా ఇది ఉండదు. మీ మోడల్ సర్వీసు మాన్యువల్‌లో బొమ్మతో సహా ఉంటుంది.

ఇంధనం, బ్రేకు ఆయిలు పోయే గొట్టాలు కూడా ఆ దగ్గర్లోనే ఉంటాయి. అవి బిగింపులతో ఎక్కడికో వెళ్తుంటాయి. డ్రెయిన్ పైపు ఎక్కడికీ వెళ్ళదు, మూతి తెరుచుకుని గాలిలో వేలాడుతుంది. గుర్తు అదే.

ఇప్పుడు తెరవండి

ముందు చేత్తోనే. మూతిని రెండు వేళ్ళ మధ్య పట్టి అటూ ఇటూ నలపండి, పైదాకా నొక్కుతూ వెళ్ళండి. గట్టిపడిన మట్టి ఉంటే పొడిపొడిగా రాలుతుంది. చాలాసార్లు కథ ఇక్కడే ముగుస్తుంది. ఒక బొట్టు, తర్వాత సన్నటి ధార, ఆ తర్వాత ఒక్కసారిగా పెట్టెలో నిలిచిందంతా. అందుకే మొహం మూతి కింద పెట్టొద్దు, పక్కకి జరిగి పనిచేయండి. నేను సూటిగా కిందనుంచి టార్చి వేసి చూస్తూ పిండాను. నల్లటి, జిగట జిగట నీళ్ళు అరచేతి మీదుగా చొక్కా చేతిలోకి దూరి చంకదాకా వచ్చాయి. పాచిపట్టిన తొట్టి వాసన, రెండుసార్లు స్నానం చేసినా పోలేదు.

నలిపినా రాకపోతే పీల్చండి. వ్యాక్యూమ్ గొట్టాన్ని పైపు మూతికి ఆనించి, చుట్టూ తడిగుడ్డతో గాలి పోకుండా మూసి, అర నిమిషం చొప్పున రెండు మూడు సార్లు లాగండి. సిరంజి అయితే గొట్టం ముక్క తగిలించి పిస్టన్ వెనక్కి లాగడం. పూడిక కిందికే రావాలి, దాని దారి కిందికే. చాలామంది మొదటే కంప్రెసర్ గాలి కొట్టేస్తారు. అలా చేస్తే పూడిక తిరిగి పెట్టెలోకి పోయి, పది రోజుల్లో మళ్ళీ అదే చోటికి చేరుతుంది. గట్టి గాలికి లోపల పైపు ఊడిపోయినా ఊడిపోవచ్చు. అప్పుడు నీళ్ళు నేరుగా కార్పెట్ కిందికే. గాలి తప్పదనుకుంటే నోటితో ఊదినంత మెల్లగా, అదీ పీల్చడం ఫలించకపోతేనే.

పీల్చినా కదలకపోతే కేబుల్ టై. చివర పదును లేకుండా గుండ్రంగా కత్తిరించి, మెల్లగా తిప్పుతూ లోపలికి పోనివ్వండి. వంపు దగ్గర తగిలితే బలం పెట్టకుండా మెలి తిప్పండి. 5 నుంచి 8 సెంటీమీటర్లు దాటించొద్దు. మెత్తగా తగిలితే పూడిక. గట్టిగా, గరగరమంటూ తగిలితే ఆపండి, అది పెట్టె అడుగో కాయిలో కావచ్చు. వెనక్కి లాగి, దానికంటిన జిగట తుడిచి, మళ్ళీ పెట్టి, మళ్ళీ పీల్చండి. బాతు ముక్కు మూతి అడ్డొస్తే కొన్ని మోడళ్ళలో రబ్బరు వంపు చేత్తో లాగితే ఊడి వస్తుంది. సబ్బు నీళ్ళలో కడిగి, అదే కోణంలో, మూతి కిందికి ఉండేలా తిరిగి తొడగండి.

నీళ్ళు కారడం ఆగాక సిరంజితో గోరువెచ్చని నీళ్ళు కొద్దిగా, ఒక 20 మిల్లీలీటర్లు, నెమ్మదిగా పైపులోకి ఎక్కించి వదిలేయండి. తేటగా వచ్చేవరకూ నాలుగైదు సార్లు చేయండి. బట్టలకి వాడే బ్లీచింగ్ నీళ్ళు వాడొద్దు, అల్యూమినియాన్ని తినేస్తాయి, ఆ ఘాటు కారులో మీరే పీల్చాలి. పై గాలి జాలీల్లోంచి నీళ్ళు పోయడం అసలే వద్దు. అవి డ్రెయిన్‌కే వెళ్తాయన్న నమ్మకం లేదు, స్విచ్చుల్లోకీ పోవచ్చు.

పనైందా, లేదా?

కారు కిందనుంచి బయటికొచ్చి, ఇందాకటి పరీక్షే మళ్ళీ చేయండి. పావుగంటలో బొట్లు పడాలి. గలగలలు ఆగాలి. ఆ సాయంత్రం చిన్న చుట్టు తిరిగొచ్చి, కొత్త తడి ఉందేమో కార్పెట్ అంచున టిష్యూ అద్ది చూడండి.

కింద నీళ్ళు పడుతున్నా లోపలా తడి వస్తోందంటే లెక్క వేరే. పైపు పెట్టె దగ్గర ఊడి ఉండవచ్చు. ఇంతకుముందు డ్యాష్‌బోర్డు విప్పి బిగించిన కార్లలో ఇది ఎక్కువ. పెట్టె పగిలి ఉండవచ్చు. లేదా గ్యాస్ తక్కువవడం వల్లో ఫిల్టర్ మూసుకుపోవడం వల్లో కాయిల్ మంచు గడ్డ కట్టి, ఏసీ ఆపాక ఒక్కసారిగా కరుగుతుండవచ్చు. కాసేపు బాగా చల్లగా వచ్చి, తర్వాత జాలీల్లోంచి గాలి తగ్గిపోతుంటే ఇదే. ఫిల్టర్ మీరే మార్చి చూడండి, మిగతావి మెకానిక్‌కి. కానీ డ్రెయిన్ చూడకుండానే "కాయిల్ మార్చాలి" అన్నవాళ్ళ మాట మాత్రం వెంటనే ఒప్పుకోకండి. నాకూ ఒక వర్క్‌షాపులో అదే చెప్పారు, తీరా చూస్తే వేలెడు మట్టి.

ఇక కార్పెట్

ఇందాక చెప్తానన్నది ఇదే. పైపు తెరుచుకున్న సంతోషంలో నేను కార్పెట్ పైన తువ్వాలు అద్ది, రెండు మధ్యాహ్నాలు తలుపులు తీసి ఎండలో పెట్టాను. పైన పొడిగా, చేతికి వెచ్చగా తగిలింది. అయిపోయిందనుకున్నాను. వారం తిరక్కుండానే కారు తలుపు తీయగానే తడి సాక్సుల వాసన. కార్పెట్ కింద మందపాటి ఫోమ్ పొర ఉంటుందని అప్పుడు తెలిసింది. పైన ఆరినా లోపల అది నీళ్ళు తాగి బరువెక్కి అలాగే ఉంది.

కాబట్టి మ్యాట్ తీసేసి, తలుపు గడప మీది ప్లాస్టిక్ పట్టీ పైకి లాగండి. చాలా కార్లలో అది క్లిప్పుల మీదే ఉంటుంది. కార్పెట్ అంచు ఎత్తి, ఫోమ్‌ని అరచేత్తో గట్టిగా నొక్కండి. నీళ్ళు వస్తే వ్యాక్యూమ్‌తో, లేకపోతే తువ్వాళ్ళు పరిచి మీద నిలబడి పిండండి. తువ్వాలు తడవడం ఆగేదాకా మారుస్తూనే ఉండండి. తర్వాత కార్పెట్ కింద చెక్కముక్కో ఖాళీ సీసాయో అడ్డుపెట్టి, గాలి ఆడేలా ఎత్తి ఉంచి, టేబుల్ ఫ్యాన్ ఆ సందులోకి తిప్పండి. మామూలుగా రెండు మూడు రోజులు పడుతుంది. నొక్కితే చల్లగా తగిలినంతకాలం లోపల తడి ఉన్నట్టే. తడి ఒకటి రెండు రోజులు నిలిస్తే బూజు మొదలవుతుంది, అందుకే దీన్ని వాయిదా వేయొద్దు. ఫోమ్ అప్పటికే నల్లమచ్చలు వేసి ఉంటే ఆరబెట్టి లాభం లేదు, ఆ ముక్క మార్చడమే.

కార్పెట్ కింద తీగల కట్టలు పోతుంటాయి, కొన్ని కార్లలో ఎలక్ట్రానిక్ పెట్టెలు కూడా ఆ మూలే ఉంటాయి. అవి తడిసినట్టు కనిపిస్తే ఇగ్నిషన్ వేయకుండా, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, పూర్తిగా ఆరాకే బిగించండి. పసుపు రంగు కనెక్టర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగువి. వాటిని లాగొద్దు, విప్పొద్దు.

అంతా ఆరాక కూడా కాస్త వాసన మిగిలితే వంటసోడా చల్లి రాత్రంతా ఉంచి వ్యాక్యూమ్‌తో తీసేయండి. తడి ఉండగా సెంటు కొట్టడం వల్ల రెండు వాసనలు వస్తాయి, అంతే.

మళ్ళీ రాకుండా

ఏసీ ఫిల్టర్ లేకుండా నడిపే కార్లలోనే ఈ పూడిక ఎక్కువ. ఫిల్టర్ ఉంటే ఏడాదికోసారి, దుమ్ము దారుల్లో తిరిగితే ఇంకా ముందే మార్చండి. వైపర్ల కింది ఆకులు చేత్తో తీసేయండి. దిగడానికి రెండు మూడు నిమిషాల ముందు ఏసీ ఆపి ఫ్యాన్ మాత్రం ఉంచితే కాయిల్ ఆరుతుంది, పాచి తక్కువ పడుతుంది. ఎండలు మొదలవడానికి ముందొకసారి పైపు మూతి నలిపి చూసుకుంటే ఆ సీజన్‌కి సరిపోతుంది.

కందిరీగలు రాకుండా పైపు మూతికి సన్నటి జాలీ కడదామని కొందరికి తోస్తుంది. కట్టకండి. పైనుంచి దిగే జిగట ఆ జాలీకే పట్టి, వారాల్లో మూసేస్తుంది. కారు చాలా రోజులు కదలకుండా ఉంచాల్సి వస్తే, తిరిగి తీసే రోజున ఏసీ వేయకముందే మూతి ఒకసారి చూసుకోండి. కందిరీగకి అంతకంటే అనువైన ఇల్లు దొరకదు.